అందరూ ఒకటో నంబరే

కిందటేడు వన్నూరమ్మకు మెమో వచ్చింది ఒక సాక్సు వల్ల.

డివిజన్ స్థాయి బాలికల ఫుట్‌బాల్ పోటీలకు ఆమె రెఫరీ. ఆ రోజు తిమ్మలాపురం హైస్కూలు పిల్ల ఉరుకుందమ్మ ఒక కాలికి తెల్ల సాక్సు, ఇంకో కాలికి నీలం సాక్సు వేసుకుని మైదానంలోకి వచ్చింది. అదేమే అని అడిగితే, రెండో తెల్లది పొద్దున కుక్క ఎత్తుకుపోయిందని చెప్పింది. బంతికి సాక్సు రంగుతో పనేముంది అనుకుని వన్నూరమ్మ ఆడనిచ్చింది. నెల తిరక్కుండా ఆఫీసు నుంచి కాగితం. క్రీడాకారిణి వస్త్రధారణలోని భిన్నత్వాన్ని ఉపేక్షించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను, సదరు కుక్క వివరములు జతపరచవలెను అని. వన్నూరమ్మ సంజాయిషీ రాసింది. కుక్క తెల్లదనీ, తోక మీద గోధుమరంగు మచ్చ ఉందనీ, యజమాని ఎవరూ లేరనీ కూడా రాసింది. కుక్క వివరాలు అసంపూర్ణంగా ఉన్నాయంటూ ఇంకో కాగితం వచ్చింది.

ఆమె కాంట్రాక్టు వ్యాయామ టీచరు. తొమ్మిదేళ్లుగా ప్రతి జూన్‌లో ఆర్డరు వస్తేనే ఉద్యోగం ఉన్నట్టు. ఆర్డరు వచ్చేదాకా ఆ నెలంతా ఆమెకు అన్నం రుచి తెలియదు. ఇంకొక్క మెమో పడితే ఈసారి ఆర్డరు రాదని ఆఫీసు గుమాస్తా గిడ్డయ్య ముందే చెవిన వేశాడు. అందుకని ఈ ఏడు వన్నూరమ్మ ఒకటే తీర్మానించుకుంది. కాగితం మీద ఏముంటే అది చేస్తుంది. ఒక అక్షరం ఎక్కువా చెయ్యదు, ఒక అక్షరం తక్కువా చెయ్యదు.

పోటీలకు ఇరవై రోజుల ముందు కొత్త సర్క్యులర్ వచ్చింది. మొదటి అంశం ఇది: "మైదానమునందలి క్రీడాకారులందరూ ఏకరూప దుస్తులు ధరించవలెను. రంగునందు గానీ, సంఖ్యయందు గానీ ఎట్టి భిన్నత్వమునూ అనుమతించరాదు. రెఫరీ మినహా మైదాన రేఖ లోపలికి ప్రవేశించు ప్రతి ఒక్కరికీ ఇది వర్తించును."

వన్నూరమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదివేముందు కళ్లజోడు తుడుచుకుంది. తర్వాత బస్సెక్కి గిడ్డయ్య దగ్గరికి వెళ్లింది.

గిడ్డయ్య దాచలేదు. పై ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వస్తే తనే డిక్షనరీ ముందు పెట్టుకుని తెలుగు చేశాడట. "మడత కాడ రెండు మూడు మాటలు చెరిగిపోయినాయి మేడం" అన్నాడు. "ఏమై ఉంటాయబ్బా అని శానాసేపు చూసినా. అవి లేకున్నా వాక్యం బాగానే నిలబడింది. సరేలెమ్మని వదిలేసినా."

ఆ చెరిగిన మాటలు 'ఒక్కో జట్టులోని' అయి ఉంటాయని వన్నూరమ్మకు చప్పున తోచింది. ఆ మాట గిడ్డయ్యకు కూడా తోచిందేమో, కాగితం తిప్పి సొరుగులో పెట్టేశాడు. అప్పటికే దాని మీద సారు సంతకం అయింది. ఆ ఆఫీసులో సంతకం అయిన కాగితంలో తప్పుండదు.

ఆ సారు పేరు చెన్నకేశవులు. డివిజన్ క్రీడా పర్యవేక్షణాధికారి. ఆయన ఆటలేవీ ఆడి ఎరగడు గానీ, పర్యవేక్షించడంలో మాత్రం నిష్ణాతుడని పేరు. నడిచేటప్పుడు కూడా తన నడకను తానే పర్యవేక్షిస్తున్నట్టు ఉంటాడు. రెఫరీలు, వ్యాయామ టీచర్లు అందరినీ కూర్చోబెట్టి సన్నాహక సమావేశం పెట్టాడు. వన్నూరమ్మ లేచి నిలబడి, ఏకరూపం అంటే ఒక జట్టు మట్టుకా, రెండు జట్లూ కలిపా అని మెల్లగా అడిగింది.

చెన్నకేశవులు కళ్లు మూసుకుని తెరిచాడు. "క్రీడాకారులందరూ అని స్పష్టముగా ఉన్నది. అందరూ అనగా అందరూ. సర్క్యులర్ స్వయం వివరణాత్మకము. దానికి వివరణ కోరుట అనగా దానిని శంకించుట."

"రెండు జట్లూ ఒకే రంగు వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదేమో సార్."

"తెలియకపోవుటే సమానత్వము" అన్నాడు ఆయన. ఆ మాట ఆయనకే ఎంతో నచ్చి, రెండోసారి అని, గిడ్డయ్య రాసుకునేదాకా ఆగాడు.

తర్వాత నంబర్ల మాట వచ్చింది. సంఖ్యయందు భిన్నత్వం ఉండరాదు కాబట్టి అందరికీ ఒకే నంబరు. ఏ నంబరు అన్నది అరగంట నలిగింది. తొమ్మిదైతే మంచిదన్నారు ఒకరు. పది అడిగారు ఇంకొకరు. చెన్నకేశవులు అందరినీ చేత్తో ఆపి ఒకటి అన్నాడు. ఒకటి అయితే ఏ పాఠశాలా తక్కువ చేశారని ఫిర్యాదు చెయ్యదని వివరించాడు. ప్రారంభోత్సవంలో బంతిని తన్నేది ఆయనే కాబట్టి, ఆయనకూ ఒక జెర్సీ కుట్టాలి కాబట్టి, అది ఒకటో నంబరే అయి ఉండాలని ఎవరూ వేరే చెప్పుకోలేదు.

రెండో అంశం ప్రకారం మైనరు బాలికల పేర్లు ఏ క్రమశిక్షణా పత్రంలోనూ రాయకూడదు, నంబరు మాత్రమే రాయాలి. మూడో అంశం ప్రకారం మైదానం నుంచి పంపించివేయబడిన నంబరుపై డివిజన్ పోటీల్లో తదుపరి రెండు ఆటల నిషేధం ఉంటుంది. వన్నూరమ్మ ఈ మూడు అంశాలనూ ఒకదాని కింద ఒకటి తన పుస్తకంలో రాసుకుంది. రాసుకున్నాక కాసేపు వాటి వంక చూస్తూ కూర్చుంది. సభలో చర్చించిన సంగతులన్నీ మినిట్స్‌లోకి ఎక్కించి, సారు సంతకంతో ఒక ప్రతి ఇప్పించమని గిడ్డయ్యను అడిగింది. తన మాటలు పుస్తకంలోకి ఎక్కుతాయంటే చెన్నకేశవులు ఎన్నడూ కాదనడు. సమానత్వం గురించి చెప్పింది కింద గీత గీసి మరీ ఇమ్మన్నాడు.

పోటీల రోజు వచ్చింది. ఆఖరి ఆట తిమ్మలాపురానికీ, బుగ్గవాండ్లపల్లెకూ. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు వెళతారు. ఇరవై ఇద్దరు ఆడపిల్లలు ముదురాకుపచ్చ చొక్కా, ముదురాకుపచ్చ నిక్కరు, ముదురాకుపచ్చ సాక్సులతో, వీపు మీద మూరెడేసి ఒకటి అంకెతో వరసగా నిలబడ్డారు. గోలు కాసే గోలీలు కూడా అంతే. దూరం నుంచి చూస్తే గోంగూర మడి లేచి నిలబడినట్టు ఉంది. వన్నూరమ్మ సాక్సులు తనిఖీ చేసింది. ఈసారి ఉరుకుందమ్మ రెండు సాక్సులూ ఒకటే రంగు. "రాత్రి కుక్కకు అందకుండా దిండు కింద పెట్టుకుని పడుకున్నా మేడం" అంది ఆ పిల్ల.

చెన్నకేశవులు సఫారీ చొక్కా మీదనే జెర్సీ తొడుక్కుని వచ్చి, ఫోటోలు తీసేవాళ్ల వైపు వీపు తిప్పి అంకె చూపించాడు. మైకులో నియమపాలన గురించి మాట్లాడాడు. నియమం ముందు చిన్నా పెద్దా లేదనీ, అధికారికైనా విద్యార్థికైనా ఒకటే నియమమనీ, అందుకే తనూ ఒకటో నంబరేననీ చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. బంతిని తన్నాడు. బంతి కదిలింది. చెప్పు ఇంకొంచెం దూరం వెళ్లింది.

వన్నూరమ్మ ఈల వేసింది. అక్కణ్నుంచి మైకు గిడ్డయ్య చేతిలోకి వచ్చింది. వ్యాఖ్యానం ఆయనదే. "ఒకటో నంబరు బంతిని ఒకటో నంబరుకు అందించినది. ఒకటో నంబరు అడ్డుకున్నది. ఒకటో నంబరు, ఒకటో నంబరును దాటుకుని ముందుకు... కింద పడినది. పడినది ఒకటో నంబరు." పది నిమిషాలు ఇలా చెప్పి, గొంతు ఎండి, నీళ్లు తాగి, ఆ తర్వాత "ఆట సాగుచున్నది" అని మాత్రం అప్పుడప్పుడూ అంటూ వచ్చాడు.

విచిత్రమేమిటంటే పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు. కలిసి కంకులు విరిచి, కలిసి ఐదు కిలోమీటర్లు బడికి నడిచే పిల్లలు. వెనక నుంచి కాలిచప్పుడు విన్నా ఎవరిదో చెబుతారు. ఇబ్బందంతా పెద్దవాళ్లదే. తిమ్మలాపురం సారు తిక్కస్వామి గట్టుమీద నిలబడి పావుగంటసేపు బాగా ఆడిందని మెచ్చుకున్న పిల్ల బుగ్గవాండ్లపల్లె పిల్ల. బంతి గీత దాటితే ఆఖరున తాకింది ఎవరో వన్నూరమ్మకు తెలియదు. పిల్లల్నే అడగాల్సి వచ్చింది. మొదట్లో నిజమే చెప్పారు. తర్వాత కొందరు తమకు కావలసిన నిజం చెప్పడం మొదలుపెట్టారు.

గోలు ముందు గుంపులో ఎవరో బంతిని రెండు చేతులా పట్టుకున్నారు. చేత్తో పట్టుకోవలసింది గోలీ ఒక్కతే కదా, గోలీ ఎవరు అని అడిగితే అయిదు చేతులు లేచాయి. ఇంకాసేపటికి మైదానం ఎందుకో ఇరుకుగా కనిపించింది. ఆట ఆపి లెక్కపెడితే ఇరవై అయిదుగురు ఉన్నారు. తిమ్మలాపురం అదనపు పిల్లలు కూర్చునే చోటు ఖాళీగా ఉండడం చూసి, తిక్కస్వామిని పిలిచి, ఎక్కువైన ముగ్గుర్నీ బయటికి పంపమంది.

"అందరూ ఒకటే కదమ్మా వన్నూరమ్మా" అన్నాడు ఆయన తల గోక్కుంటూ. "ఎవుర్ని తియ్యల్ల? వాళ్లంతట వాళ్లే పోతామంటే సరి. ల్యాకుంటే నాకేం తెలుస్తాది?"

వాళ్లంతట వాళ్లు ఇద్దరు వెళ్లారు. మూడో పిల్ల విరామం దాకా ఆడి, అప్పుడు ఆకలేసి వెళ్లింది.

మొదటి సగంలోనే బుగ్గవాండ్లపల్లె షబానా, ఎదుటి పిల్లను జెర్సీ పట్టుకుని లాగింది. వన్నూరమ్మ పసుపు కార్డు చూపించి, పుస్తకంలో పేరు రాయకుండా '1' అని రాసింది. రెండో సగంలో తిమ్మలాపురం ఉరుకుందమ్మ, ఈల పడ్డాక కూడా కోపంతో బంతిని తుమ్మచెట్ల దాకా తన్నింది. దానికీ పసుపు కార్డు. దానికీ '1'. రెండు ఒకట్లు ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. వన్నూరమ్మ వాటిని చూసింది. సమావేశం రోజున ఆ మూడు అంశాల వంక చూస్తూ కూర్చున్నప్పుడు ఆమె చూసింది సరిగ్గా ఈ రెండు ఒకట్లనే. పుస్తకం మూసి జేబులో పెట్టుకోబోయింది.

బల్ల దగ్గర నమోదు చేస్తున్న గిడ్డయ్యకు మాత్రం నమోదులో ఏదైనా తేడా కనిపిస్తే నిద్రపట్టదు. మైకులోనే అన్నాడు. "మేడం, ఒకటో నంబరు మీద రెండు పసుపు కార్డులు పడినాయి. రెండు పసుపులైతే ఎర్రది సూపియ్యల్ల."

వన్నూరమ్మ బల్ల దగ్గరికి వచ్చి, ఆ ఇద్దరూ వేరువేరు పిల్లలని చెప్పింది. చేతులు కట్టుకునే చెప్పింది. చెన్నకేశవులు గిడ్డయ్య మైకు పక్కనే ఉన్న కుర్చీలోంచి లేవకుండానే, పత్రంలో వేరువేరు పిల్లలు ఉన్నారా అని అడిగాడు. పత్రంలో ఒకటో నంబరు మాత్రమే ఉంది.

"పత్రము ప్రకారం చర్య గైకొనండి" అన్నాడు. "పోయిన సంవత్సరం సాక్సు విషయంలో చూపిన ఉదాసీనత మరల చూపదలిచారా? చూపినచో కాంట్రాక్టు పునరుద్ధరణ విషయం ఈ కార్యాలయం పునరాలోచించవలసి వచ్చును."

వన్నూరమ్మకు జూన్ నెల గుర్తొచ్చింది. ఆ నెల అన్నం రుచి గుర్తొచ్చింది. ఆయన మాటలు మైకులోంచి ఊరంతా వినబడ్డాయన్న సంగతి కూడా గుర్తొచ్చింది.

"అట్లే సార్" అంది.

మైదానం మధ్యకు నడిచింది. జేబులోంచి ఎర్ర కార్డు తీసి, చెయ్యి పైకెత్తి, ఒక దిక్కున కాకుండా నాలుగు దిక్కులా మెల్లగా తిరిగి చూపించింది.

"ఒకటో నంబరు, బయటికి."

పిల్లలు ఒకరి వీపులు ఒకరు చూసుకున్నారు. ముందు షబానా కదిలింది. వెనకే ఉరుకుందమ్మ. తర్వాత గోలీలు. ఇరవై ఇద్దరు ఒకటో నంబర్లూ తలలు వంచుకుని, అక్కడక్కడా కిసుక్కున నవ్వుకుంటూ, వరసగా గీత దాటి వెళ్లిపోయారు. మైదానంలో బంతి మిగిలింది. వన్నూరమ్మ మిగిలింది.

చెన్నకేశవులుకు విషయం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఫోటోలు తీసేవాళ్లకు అంత సమయం పట్టలేదు. ఆయన కుర్చీ తోసుకుని, చేతులు ఊపుతూ, జెర్సీ పొట్ట మీద ఎగదన్నుకుపోతుండగా గీత దాటి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఇదేమి అరాచకము, వెంటనే అందరినీ లోపలికి పిలువుము అని అరిచాడు. ఆయన నోట గ్రాంథికం అంత వేగంగా రావడం అంతకుముందు ఎవరూ వినలేదు.

వన్నూరమ్మ ఆయన చెప్పేదంతా విన్నది. ఆయనకు ఊపిరి ఆడేదాకా ఆగింది. తర్వాత ఆయన వీపు వైపు మర్యాదగా చూపించింది.

"సార్, మీరూ ఒకటో నంబరే."

ఆయన మెడ తిప్పి చూసుకున్నాడు. కనబడలేదు. ఇంకోవైపు తిప్పి చూసుకున్నాడు.

"గీత లోపలికొచ్చిన అందరికీ వర్తిస్తుందని మీరే రాయించినారు" అంది వన్నూరమ్మ. "పొద్దున మైకులో కూడా చెప్పినారు. బయటికి పంపించిన నంబరు మైదానం చుట్టుపక్కల కూడా ఉండకూడదు సార్. కంచె దాటల్ల. నేను ఊరుకుంటే నాకు మెమో వస్తుంది."

చెప్పి, ఎర్ర కార్డు మళ్లీ పైకెత్తింది. ఈసారి ఒకే దిక్కున.

గట్టుమీద జనం చూస్తున్నారు. ఎదురుగా కెమెరాలు. నియమం ముందు చిన్నా పెద్దా లేదన్న ప్రసంగం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. చెన్నకేశవులు జెర్సీ విప్పెయ్యబోయాడు. విప్పితే ఏకరూపం లేకుండా గీత లోపల ఉన్నట్టు అవుతుందని గిడ్డయ్య మైకులో గుర్తు చేశాడు. గిడ్డయ్య పాపం సాయం చేద్దామనే చెప్పాడు. సారు జెర్సీ మళ్లీ కిందికి లాక్కుని, నడకను పర్యవేక్షించుకుంటూ కంచె దాటి వెళ్లి, జీపెక్కి, అద్దం ఎత్తుకున్నాడు. జీపు చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత భోజనాల వైపు వెళ్లిపోయింది.

కంచె అవతల పిల్లలు వేపచెట్టు నీడన కూర్చుని ఉన్నారు. ఉరుకుందమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంక రాష్ట్రానికి ఎవరూ పోరా మేడం అని అడిగింది. ఇరవై నిమిషాల ఆట మిగిలింది, చెరో గోలు ఉంది. వన్నూరమ్మ వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని సర్క్యులర్ తీసి చదివి వినిపించింది. చొక్కా ఒకటే రంగుదై ఉండాలని ఉంది. వీపున అంకె కుట్టించాలని ఉంది. కుట్టించారు. చొక్కా ఏ వైపు తొడుక్కోవాలో ఎక్కడా లేదు.

షబానాకు ముందు వెలిగింది. "ఉల్టా ఏసుకుంటే ఒకటో నంబరు కానరాదు గదా మేడం."

"నేనేం చెప్పలేదు" అంది వన్నూరమ్మ. "కానీ ఒకటో నంబరు లేనివాళ్లు మైదానంలోకి వస్తే నేను ఆపలేను. కాగితంలో లేదు."

అయిదు నిమిషాల్లో ఇరవై ఇద్దరూ చొక్కాలు తిరగేసి, కుట్లు బయటికి పెట్టుకుని వచ్చారు. ఏకరూపంలో లోపం లేదు. అందరిదీ తిరగేసిన చొక్కానే. తిమ్మలాపురం వాళ్లు చొక్కాలు నిక్కరులోకి దోపుకున్నారు. బుగ్గవాండ్లపల్లె వాళ్లు బయటికి వదిలేశారు. దాని గురించి కూడా కాగితంలో ఏమీ లేదు. అప్పుడు వన్నూరమ్మకు ఆ పూట మొదటిసారి ఆట కనబడింది. చివరి నిమిషంలో ఉరుకుందమ్మ ముగ్గుర్ని దాటుకుని వెళ్లి కొట్టిన గోలు, ఎవరు కొట్టారో ఎవరినీ అడగకుండానే తెలిసింది. తిమ్మలాపురం రెండు, బుగ్గవాండ్లపల్లె ఒకటి. తిక్కస్వామి ఈసారి తన పిల్లనే మెచ్చుకున్నాడు.

వన్నూరమ్మ నివేదిక రాసింది. జరిగింది జరిగినట్టు రాసింది. పంపించివేయబడిన నంబరు: 1. సదరు నంబరు ధరించినవారు: ఇరవై ముగ్గురు. పేర్లు రెండో అంశం ప్రకారం రాయలేదు. ఫలితం గడిలో గోల్స్ రాసింది. వస్త్రధారణ గడిలో చొక్కాలు తిరగేశారని, దోపుకున్నారని రాసింది. మినిట్స్ ప్రతి వెనక జతపరిచింది. సమానత్వం మాట కింద గీత అలాగే ఉంది.

మెమో రాలేదు. మెమో ఇవ్వాలంటే నివేదిక పైకి పంపాలట. నివేదిక పైకి పంపితే ఇరవై మూడోవారు ఎవరని అడుగుతారట. గిడ్డయ్య చెప్పాడు. జూన్ మొదటి వారంలోనే, ఎన్నడూ లేనంత తొందరగా, కాంట్రాక్టు ఆర్డరు వచ్చేసింది. వన్నూరమ్మ ఆ పూట పప్పుచారు రెండుసార్లు వడ్డించుకుంది.

ఆర్డరుతో పాటు కొత్త ఏడాది సర్క్యులర్, ఒక పొట్లం వచ్చాయి. సర్క్యులర్‌లో గత అనుభవముల దృష్ట్యా కొన్ని సవరణలు ఉన్నాయి. చొక్కా, నిక్కరు కలిపి ఒకే కుట్టుగా కుట్టించవలెను, తద్వారా దోపుకొనుట అసాధ్యమగును. అంకె లోపలి వైపున, వెలుపలి వైపున రెండు చోట్లా ఉండవలెను. మొదటి అంశంలో 'రెఫరీ మినహా' అన్న రెండు మాటలూ లేవు.

పొట్లం విప్పింది. ముదురాకుపచ్చ రంగు. మెడ నుంచి మోకాళ్ల దాకా ఒకటే బట్ట. వీపున ఒకటి. తిరగేసి చూసింది. లోపల కూడా ఒకటి.

వన్నూరమ్మ దాన్ని చక్కగా మడిచి బల్ల మీద పెట్టింది. తెల్లకాగితం తీసుకుంది. గుండ్రని చేతిరాతతో ఇలా రాసింది:

"అయ్యా, తమరు పంపిన దుస్తులు అందినవి. కృతజ్ఞతలు. అయితే పోయిన సంవత్సరపు మూడో అంశం ప్రకారం ఒకటో నంబరుపై రెండు ఆటల నిషేధం అమలులో ఉన్నది. కనుక ఈ సంవత్సరం మొదటి రెండు ఆటలకు క్రీడాకారిణులు గానీ, రెఫరీ గానీ, ప్రారంభకులైన తమరు గానీ మైదానంలోకి వచ్చుటకు వీలుపడదు. సదరు రెండు ఆటలను ఎవరూ లేకుండా ఎట్లు నిర్వహించవలెనో తెలుపగోరుచున్నాను."